విండోస్‌లో ఈవెంట్ లాగ్ క్లియర్ చేస్తే ఆనవాళ్లన్నీ పోతాయా?

పోవు. కంప్యూటర్‌లో జరిగినవాటిని విండోస్ రాసుకునే రికార్డే ఈవెంట్ లాగ్. అందులో లాగిన్ల వంటివి నమోదయ్యే సెక్యూరిటీ లాగ్‌ను తుడిచేసిన సంగతే, ఖాళీ అయిన ఆ లాగ్‌లో 1102 నంబరు ఎంట్రీగా నమోదవుతుంది. ఏ అకౌంట్‌తో, ఎప్పుడు తుడిచారో అందులోనే కనిపిస్తుంది.

విండోస్ అన్ని విషయాలనూ ఒకే చోట రాసుకోదు. సెక్యూరిటీ, సిస్టమ్, అప్లికేషన్ లాగ్‌లతో పాటు ఒక్కో సర్వీసుకూ విడి ఫైళ్లుంటాయి. ఒకదాన్ని తుడిస్తే మిగతావి చెక్కుచెదరవు.

ఉదాహరణకు, ఎవరో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే కంప్యూటర్‌ను వాడే పద్ధతి) ద్వారా సర్వర్‌లోకి వచ్చి, వెళ్లేముందు సెక్యూరిటీ లాగ్ తుడిచేశారనుకుందాం. లాగిన్లను చూపే 4624 ఎంట్రీలు పోతాయి. కానీ రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్లను విడిగా రాసుకునే టెర్మినల్ సర్వీసెస్ లాగ్ తెరిచి 21 నంబరు వెతికితే, యూజర్ పేరూ, ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చారన్నదీ దొరుకుతాయి. ఇక్కడ టైమ్ దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. లాగ్ ఫైల్‌లో సమయం యూటీసీలో, అంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. లాగ్‌లను చూడటానికి విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ దాన్ని మన టైమ్‌లోకి మార్చి చూపిస్తుంది, కొన్ని టూల్స్ మార్చవు. వాటిలో 20:45 అని కనబడితే మనకది మర్నాడు తెల్లవారుజామున 2:15.

ఎవరూ ముట్టుకోకపోతే లాగ్‌లు ఎప్పటికీ ఉంటాయని చాలామంది పొరబడతారు. అసలు నష్టం జరిగేది అక్కడే. సెక్యూరిటీ లాగ్‌కు మామూలుగా ఉండే పరిమితి 20 ఎంబీ. అది నిండాక పాత ఎంట్రీల మీదే కొత్తవి రాసేస్తుంది. రద్దీ ఉన్న సర్వర్‌లో అది చాలా త్వరగా నిండుతుంది. కాబట్టి అనుమానం వచ్చిన వెంటనే, ఏదీ వెతకకముందే లాగ్ ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి.