లోతు రాయని లెక్క

హైదరాబాద్

చి. శ్రావణికి,

అమ్రాబాద్ అడవుల టేకు గురించి వ్యాసం బాగానే రాశావు. కానీ మూడో పేజీలో 'హెక్టారు అడవి నేలలో 42 టన్నుల కర్బనం ఉంది' అన్నావే, నా చదువు అక్కడే ఆగిపోయింది. ఎంత లోతు వరకు? జానెడా, మీటరా?

ఆ 42 ఎలా వస్తుందో చూడు. కర్బనం 1 శాతం, మెత్తమట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాములు, లోతు 30 సెంటీమీటర్లు. మూడూ గుణిస్తే హెక్టారుకు 42 టన్నులు. ఇందులోంచి 2 మిల్లీమీటర్లు దాటిన రాళ్ళ వాటా తీసేయాలి. మన చల్కల్లో, అంటే ఎర్ర ఇసుక నేలల్లో, ఘనపరిమాణంలో ఐదో వంతు రాయే ఉంటే లెక్క 34 దగ్గరకు పడిపోతుంది. నీ వ్యాసంలో రాళ్ళ ఊసే లేదు.

2021 అటవీ నివేదికలో దేశపు అడవుల కర్బనం 7,204 మిలియన్ టన్నులు. అందులో సగానికి పైగా నేలలోదే. అయినా మన సంపాదకులకు మొక్క నాటుతున్న ఫొటో కావాలి. అంకెలుంటే పాఠకులు పారిపోతారట! పద్ధతి రాసిన పేరానే ముందు కోసేస్తారు. నువ్వు మాత్రం కోయనివ్వకు.

మట్టి తీసేముందు పైనున్న ఆకుచెత్తను వేరే సంచిలోకి ఎత్తాలి. అది వేరే పద్దు. మట్టిలో కలిస్తే శాతం ఉబ్బుతుంది. సాంద్రతకు కొలత తెలిసిన ఇనుప గొట్టాన్ని మట్టి అణగకుండా దించాలి. ఆ మట్టిని 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టి తూచాలి. కర్బనం పరీక్షకు వేరే నమూనా: నీడలో ఆరబెట్టి జల్లెడ పట్టింది.

రసాయనంతో కర్బనాన్ని కొలిచే వాక్లీ–బ్లాక్ పద్ధతిలో అది ముప్పావు వంతే బయటపడుతుంది. అందుకే ఫలితాన్ని సుమారు 1.3తో హెచ్చిస్తారు. హెచ్చించారో లేదో ల్యాబ్‌ను అడుగు. మట్టిని కాల్చి కొలిచే యంత్రమైతే నల్లరేగడిలోని సున్నపురాయి కర్బనాన్నీ కలిపే లెక్కిస్తుంది. ముందు ఆమ్లంతో ఆ సున్నపురాయిని తొలగించాలి.

ఐదేళ్ళ తోటను పాత అడవితో పోల్చావు. పశువులు తొక్కి నేల గట్టిపడితే అదే 30 సెంటీమీటర్లలో ఎక్కువ మట్టి పడుతుంది, కర్బనం పెరిగినట్టు కాగితం మీద కనిపిస్తుంది. కాబట్టి సమాన బరువు మట్టిని పోల్చాలి. పైగా గుంతలు తవ్వి దున్నిన కొత్త తోటలో మొదటి ఏళ్ళలో నేల కర్బనం తగ్గనూ వచ్చు. రాలిన ఆకులో చాలా భాగాన్ని సూక్ష్మజీవులు తిని గాలికే వదులుతాయి. బంకమన్నునూ ఇనుప ఆక్సైడ్లనూ అంటుకున్న భాగం దశాబ్దాలు, శతాబ్దాలు కూడా నిలుస్తుంది. నువ్వు రెంటినీ ఒకే గాటన కట్టేశావు.

కేబీఆర్ పార్కులో తవ్వి చూస్తానన్నావు. అది జాతీయ ఉద్యానం. అటవీ శాఖ అనుమతి లేనిదే గునపం దించకు.

పారితోషికం సంగతి తర్వాత. ముందు ల్యాబ్ కాగితాలు పంపు.