గింజలన్నీ ఒకేసారి వెయ్యకు తల్లీ

తల్లీ,

పెదనాన్న ఆశీస్సులు. సంక్రాంతి వెళ్ళిన మూడో రోజున మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నావని, టెక్కలి దగ్గర మన మెట్టులో డెబ్భై సెంట్లలో తోట వేస్తావని, పాత ఇల్లు బాగు చేయించుకుని, కోళ్ళు పెంచుకుంటూ అక్కడే ఉంటావని చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ పెద్దమ్మ లేచి, "గుంట మంచి పనే చేస్తోంది కదా, మీకెందుకు టెన్షన్" అంది. మంచి పనే. మన ఇంట్లో చదువుకుని బయటికి వెళ్ళినవాళ్ళలో ఆ మట్టి వైపు తిరిగి చూసింది నువ్వొక్కదానివే. నాకు గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. ఫోన్లో ఈ రెండూ కలిపి చెప్పడం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు గీసిన ప్లాన్ మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. మడులకు నంబర్లు పెట్టి, రంగులు వేసి ముచ్చటగా గీశావు. ఆనప, బీర, కాకర, దోస, గుమ్మడి, బెండ, బర్బాటి, వంగ, టమాటా. అన్నిటి పక్కనా ఒకటే తేదీ: ఫిబ్రవరి 1. నా నిద్ర పోయింది ఆ తేదీ చూసే.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళి మట్టి పరీక్ష సంగతి కనుక్కో. గెత్తం, అదే పశువుల ఎరువు, బాగా మాగినదే వెయ్యి. పచ్చిది వేస్తే చెద పడుతుంది. కంచె అయ్యాకే మొక్క. మన ఊరి మేకల సంగతి నీకు తెలియనిది కాదు. పార, గునపం, బొరిగ అటక మీద ఉన్నాయి, కొత్తవి కొనకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు, వాడు అప్పటికి చిన్నవాడు.

నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయి ఇంటికి వచ్చాను. ఇప్పుడు నీకున్న ఉత్సాహమే అప్పుడు నాదీ. అమ్మకి, అంటే మీ నాయనమ్మకి, గింజలంటే ప్రాణం. వంటింట్లో పొయ్యికి పైన దూలానికి ఎండిన ఆనప బుర్రలు వేలాడుతుండేవి. ఒకదాంట్లో బీర గింజలు, ఒకదాంట్లో ఆనప, ఒకదాంట్లో కాకర. అన్నిటిలోనూ బూడిద కలిపి ఉంచేది. కింద నుంచి పొగ తగులుతుంటే పురుగు పట్టదు. దోస గింజలు మాత్రం పేడలో అద్ది, పిడకలా గోడకి కొట్టేది. ఆ దోస చారల కాయ, గుప్పెడంత ఉండేది. పండితే వీధి గుమ్మం దాకా వాసన. పచ్చి కాయ పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. ఆ విత్తనం ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. వాళ్ళమ్మ ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు రథసప్తమి ముందుగా, జనవరి నెలాఖరులోనే వచ్చేసింది. అరసవల్లి వెళ్ళి దర్శనం చేసుకుని తిరిగి వస్తుంటే చొక్కా తడిసేంత ఎండ. మంచు లేదు. వారం రోజులు అలాగే కాసింది. నేను గబగబా పాదులు తవ్వేశాను. "ఆగరా, శివరాత్రి వెళ్ళనీ, చలి శివశివా అంటూ పోయేది అప్పుడే" అంది అమ్మ. సూర్యుడు రథం తిప్పేశాక ఇంకా చలేమిటని నేను. ముందు వేస్తే ముందు కాయ వస్తుంది, సంతలో మంచి రేటు పలుకుతుందని నా లెక్క. అప్ప, అంటే మీ మేనత్త, పురిటికని అమ్మ సోంపేట వైపు వెళ్ళింది. ఆవిడ వెళ్ళిన మర్నాడే బుర్రలు దింపాను. గోడ మీద పిడకలు పెరికాను. నానబెట్టి, పాదుకి నాలుగేసి గింజల చొప్పున అన్నీ వేసేశాను. కొన్ని ఉంచుదామని ఒక్కసారి కూడా అనిపించలేదు.

నాలుగో రోజు గాలి తిరిగింది. ఉత్తరపు గాలి. పొద్దున తొమ్మిదైనా మంచు విడలేదు. ఆ తర్వాత రెండు రోజులు మబ్బు, సన్న జల్లు. నేల చల్లగా, తడిగా అలాగే ఉండిపోయింది. తీగ జాతి గింజలకి అదే పడదు. మొలకకి వేడి కావాలి. వేడి లేకుండా తడి మాత్రమే ఉంటే లోపలే కుళ్ళిపోతాయి. అప్పటికి నాకు ఆ జ్ఞానం లేదు. మొలవకపోతే నీళ్ళు చాల్లేదేమో అనుకుని ఇంకా నీళ్ళు పోశాను. పన్నెండో రోజున వేలితో తవ్వి ఒక దోస గింజ తీశాను. నొక్కితే నీళ్ళు కారాయి. లోపల ఏమీ లేదు. అన్ని పాదులూ అంతే. నాలుగైదు ఆనప మొలకలు వచ్చినా, పసుపు రంగు తిరిగి అవీ పోయాయి.

అమ్మ నెల తర్వాత వచ్చింది. కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి పైకి చూసింది. ఒక బుర్ర దింపి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు రాలేదు. తిట్టలేదు తల్లీ. దాన్ని మళ్ళీ అదే దూలానికి కట్టేసింది. ఆ ఏడు మా పందిరి మీద సంతలో కొన్న గింజల తీగలు పాకాయి. బాగానే కాశాయి. అమ్మ కోసింది, వండింది, అందరికీ పెట్టింది. విత్తనానికని మాత్రం ఒక్క కాయ కూడా తీగకి వదల్లేదు.

నాలుగేళ్ళకి అప్ప బీర గింజలు, ఆనప గింజలు తెచ్చి ఇచ్చింది. పెళ్ళై అత్తారింటికి వెళ్తున్నప్పుడు అమ్మ కొంగున కట్టి ఇచ్చిందట. దోసవీ ఇచ్చిందట కానీ, సముద్రపు గాలికి, ఆ ఇసుక నేలకి అవి నిలవలేదు. దోస అలా పోయింది. ఇప్పటికీ ఏ సంతలో చారల దోస కనిపించినా కొంటాను. ఇంటికి తెచ్చి కోసి వాసన చూస్తాను. అది కాదు.

ఈ ఏడు రథసప్తమి ఎప్పుడో చూశావా? జనవరి 25. అప్పటిలాగే ముందుకొచ్చేసింది. పోనీ శివరాత్రి దాకా ఆగుదామంటే, 2024లో అది మార్చి 8న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 26న, ఈసారి ఫిబ్రవరి 15న. వచ్చే ఏడు మళ్ళీ మార్చి 6. తిథి మూడు వారాలు అటూ ఇటూ జరుగుతుంది. నేల వేడెక్కేది తిథిని చూసి కాదు. మా అమ్మ శివరాత్రి అన్నా, తేదీ ఒక్కటే చూసి వేసేది కాదని నాకు తర్వాత అర్థమైంది. తెల్లవారుజామున చెప్పులు లేకుండా పాదులో కాసేపు నిలబడేది. చల్లదనం పిక్కల దాకా ఎక్కితే వెనక్కి వచ్చేసేది. నువ్వూ అలా నిలబడి చూడు. ఫోన్లో రాత్రి ఉష్ణోగ్రత కూడా చూసుకో. 15, 16 డిగ్రీలకి దిగుతున్నంత కాలం ఆగు. వారం రోజులు వరసగా 18కి తగ్గకపోతే అప్పుడు వెయ్యి.

అప్పుడైనా అన్నీ వెయ్యకు. మూడు వంతులు చెయ్యి. ఒక వంతు వేసి, పది పన్నెండు రోజులు చూసి రెండో వంతు వెయ్యి. మూడో వంతు ఆ ఏడాదికి నీది కాదనుకో. డబ్బాలో బూడిద కలిపి మూత పెట్టెయ్. మొదటి రెండూ బ్రహ్మాండంగా మొలిచినా దాన్ని ముట్టుకోకు. గింజల్ని రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూట కట్టి, మాగిన గెత్తం కుప్పలో వెచ్చగా ఉన్నచోట పెట్టు. ముక్కు పగిలిన గింజనే పాదులో వెయ్యి. ఆనప, కాకర గింజల తోలు గట్టి కదా, వాటికి ఇది తప్పనిసరి.

అప్పటిదాకా చేతులు ఊరుకోవంటావా, చలిని ఇష్టపడేవి ఉన్నాయి. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి రేపే చల్లుకో. వంగ, టమాటా నారు ట్రేలలో పోసి వసారాలో పెట్టుకో. రాత్రిపూట పాత చీర కప్పు, ఎండ రాగానే తీసెయ్.

నూతి దగ్గర మామిడి చెట్లు రెండూ ఇప్పుడు పూత మీద ఉంటాయి. జాలిపడి నీళ్ళు పెట్టకు. పిందె బఠాణీ గింజంత అయ్యాకే పెట్టాలి. పూత విచ్చుకుని ఉన్నప్పుడు పొద్దున పూట మందు కొట్టించకు, తేనెటీగలు చచ్చిపోతాయి. మంచు ఎక్కువ పడి, మబ్బు పట్టి, పూత మీద బూడిదలా కనిపిస్తే ఆకు, పూత కోసి రైతు సేవా కేంద్రంలో చూపించు. దుకాణంవాడు ఏ సీసా ఇస్తే అది తెచ్చుకోకు.

నుయ్యి గురించి కూడా నాకు దిగులుగా ఉంది. ఇప్పుడు చూస్తే చేత్తో అందుకునేలా ఉంటుంది. దాన్ని చూసే నువ్వు డెబ్భై సెంట్లకీ డ్రిప్ పైపులు గీసేశావని నాకు అనుమానం. వైశాఖంలో అదే నూతిలో నడుము లోతు నీళ్ళలో నేనూ మీ నాన్నా దిగి పూడిక తీశాం. ఈ వేసవికి ఇరవై సెంట్లు చాలు. పదిహేను రోజులకోసారి తాడుకి రాయి కట్టి లోతు చూసి గోడ మీద రాసుకో. ఆ అంకెలు చూసుకుని వచ్చే ఏడాదికి గీసుకో.

కోళ్ళు యాభై పిల్లలతో మొదలుపెడతానన్నావు. ఈ చలిలో వద్దు. మొదటి వారం పిల్లకి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. బల్బు వేలాడదీసినా, అర్ధరాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి ఒక మూలన ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక పోతాయి. ఒక పొదుగు పెట్టని, పది గుడ్లని తెచ్చుకో. పెట్టే అన్నీ చూసుకుంటుంది. కొక్కెర తెగులు టీకా మాత్రం మొదటి వారంలోనే కంట్లో చుక్క వేయించాలి. మరిచిపోకు.

ఇంకొకటి. నవ్వుకోకు. మీ పెద్దమామయ్య ఎలా పోయాడో నీకు తెలుసు. ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆయన పొద్దున అంబలి తాగి జీడితోటలోకి వెళ్తే మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు ముట్టుకునేవాడు కాదు. దానివల్లే అని నేను అనలేను. కానీ నువ్వు ఎండలో తలకి గుడ్డ లేకుండా, నీళ్ళు తాగకుండా వంగి కలుపు తీస్తున్నట్టు నాకు కల వస్తోంది. అందుకని చెంబు నిండా నీళ్ళు గట్టు మీద పెట్టుకుని పని మొదలుపెట్టు. పదకొండుకల్లా నీడకి వచ్చెయ్. మెట్టులో బోరు వేయిస్తే ఆ నీళ్ళు పరీక్ష చేయించకుండా తాగకు. చీకటి పడ్డాక టార్చి లేకుండా గడ్డివాము వైపు వెళ్ళకు. చలి తగ్గుతుంటే పాములు బయటికొస్తాయి.

ఇంటికి తూర్పున కొబ్బరి మొక్కల వరస గీశావు. తిత్లీ తుపాను అప్పుడు, 2018 అక్టోబరు 11న, తెల్లవారుజామున నేను అదే ఇంట్లో ఉన్నాను. కొబ్బరిచెట్టు పశువులశాల మీద పడిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ఆ వరసని గట్టు చివరికి జరుపు.

ఉద్యోగం సంగతి చివర్లో పెట్టాను. నీకు కోపం వస్తుందని తెలుసు. రాజీనామా ఇంకా పంపలేదట కదా. పంపకు. ఇంటి నుంచి పని చేస్తానని అడుగు, లేకపోతే ఆరు నెలలు సెలవు అడుగు. ఒప్పుకోకపోతే అప్పుడు నీ ఇష్టం. నీ చేతిలో ఉన్న డబ్బంతా కంచెకీ డ్రిప్‌కీ ఇంటి కప్పుకీ పోసేస్తే, ఒక్క చెడ్డ సీజను వస్తే నువ్వు తిరిగి బెంగళూరు బస్సెక్కాలి. మళ్ళీ ఈ వైపు చూడవు. నాకున్న భయం అదొక్కటే. తోట ఒక ఏడు పోతే పోనీ, నువ్వు మాత్రం ఉండాలి.

ఈ ఉత్తరంతో పాటు రెండు పొట్లాలు పంపుతున్నాను. పెద్దది బీర, చిన్నది ఆనప. అప్ప తెచ్చిచ్చినవే, ఏటా తీస్తూ వస్తున్నాను. నా దగ్గరున్న వాటిలో సగం ఇవి. శివరాత్రి వెళ్ళాక వచ్చే శనివారం నేనూ మీ పెద్దమ్మా వస్తాం. పందిరి గుంజలు అప్పుడు పాతుదాం, నువ్వొక్కదానివీ మొయ్యకు.

నీ ప్లాన్‌లో 7వ మడి దోస అని రాశావు. దాన్ని ఖాళీగా ఉంచు. పాతపట్నం వైపు ఒక ముసలావిడ పెరట్లో చారల దోస ఉందని, పండితే వీధి దాకా వాసన వస్తుందని మీ పెద్దమ్మ తమ్ముడు చెప్పాడు. ఎండలు రాగానే వెళ్ళి చూసొస్తాను. అది మన దోసే అయితే పది గింజలు నీకిస్తాను. మిగతావి నా దగ్గరే ఉంటాయి.

మీ పెదనాన్న