భర్త బలవంతం, హెచ్‌ఐవీ భయం

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పెళ్ళయినప్పటి నుంచి చెన్నై వ్యాసర్పాడిలో ఉంటున్నాం. మా ఆయన తాగి వచ్చిన రాత్రుల్లో నేను వద్దన్నా బలవంతం చేస్తారు. నిరోధ్ మాట ఎత్తితే, “నన్ను అనుమానిస్తున్నావా?” అంటూ చెయ్యి చేసుకుంటారు. ఆయనకు బయటి సంబంధాలున్నాయని ఈమధ్యే తెలిసింది. నేను ఏ తప్పూ చేయలేదు కనుక హెచ్‌ఐవీ భయం అక్కర్లేదని మా అక్క అంటోంది. నిజమేనా?
– ఒక సోదరి, చెన్నై

జవాబు: మీ అక్కగారు ధైర్యం చెప్పాలనే అన్నారు గానీ, ఆ మాట నిజం కాదు. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలను విశ్లేషించి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, భర్త చేతిలో దెబ్బలూ లైంగిక హింసా రెండూ అనుభవించిన వివాహితల్లో 0.73 శాతం మందికి హెచ్‌ఐవీ ఉండగా, ఆ హింస లేనివారిలో అది 0.19 శాతమే. దీనికి కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. బలవంతపు కలయికలో లోపలి సున్నితమైన పొర చీరుకుపోయి వైరస్ సులువుగా ప్రవేశిస్తుంది. కొట్టే మగవాడి ముందు నిరోధ్ అడిగే ధైర్యం చాలామందికి ఉండదు. పైగా భార్యను హింసించే పురుషుల్లో బయటి సంబంధాలు ఎక్కువగా కనిపిస్తాయి. “జాగ్రత్తగా ఉండండి” అని ఆడవాళ్ళకు మాత్రమే చెప్పే ప్రచారాలు నాకు అందుకే అసంపూర్ణంగా తోస్తాయి.

బలవంతం జరిగిన 72 గంటల లోపు, వీలైతే ఆ రోజే, సెంట్రల్ స్టేషన్ ఎదుటి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి (జీహెచ్‌) వెళ్ళి జరిగింది చెప్పండి. అవసరమని వైద్యులు భావిస్తే హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజులు వాడే మందులు మొదలుపెడతారు. చికిత్సకు ముందు పోలీసు ఫిర్యాదు ఇవ్వాలన్న నిబంధన లేదు. ఆ గడువు దాటిపోయినా ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) ఉచితంగా పరీక్ష చేయించుకోండి. మొదటిసారి లేదని వచ్చినా మూడు నెలలకు మళ్ళీ చేయించుకోవాలి. ఉందని తేలినా, మందులు మానకుండా వాడేవారు మామూలుగా జీవించగలరు.

భార్యపై భర్త బలవంతాన్ని మన చట్టం ఇప్పటికీ అత్యాచారంగా లెక్కించకపోవడం అన్యాయమే. అయినా 2005 నాటి గృహహింస చట్టంలో లైంగిక హింస స్పష్టంగా ఉంది; దాని కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. ఫోన్‌లో సాయానికి 181, హెచ్‌ఐవీ సందేహాలకు 1097 ఉన్నాయి.

ఫలితం ఏదైనా, దాన్ని వెంటనే ఆయనకు చెప్పేయాలని తొందరపడకండి. చెబితే హింస జరుగుతుందన్న భయం ఉన్నప్పుడు వైద్య సిబ్బంది కూడా భర్తకు తెలియజేయకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. మీ పరిస్థితిని కౌన్సెలర్‌కు ముందే వివరించండి, పరీక్ష చీటీ మాత్రం ఇంట్లో కాక అక్కగారి దగ్గర ఉంచండి.