యేసు నిజంగా జీవించాడనడానికి క్రైస్తవేతర ప్రాచీన ఆధారాలు ఉన్నాయా?

ఉన్నాయి, కాకపోతే కొద్దిపాటివి, అవీ యేసు మరణం తర్వాత ఆరు దశాబ్దాలకు పైగా గడిచాక రాసినవి. ముఖ్యమైనవి రెండు: యూదు చరిత్రకారుడు జోసెఫస్ (క్రీ.శ. 93 ప్రాంతం), రోమన్ చరిత్రకారుడు టాసిటస్ (116 ప్రాంతం) రాతలు.

టాసిటస్ మాటకు బరువెందుకంటే ఆయనకు క్రైస్తవులంటే గిట్టదు. వాళ్లది హానికరమైన మూఢనమ్మకం అంటూనే, తిబెరి చక్రవర్తి కాలంలో రోమన్ గవర్నర్ పొంతి పిలాతు క్రీస్తుకు మరణశిక్ష వేయించాడని రాశాడు. ఇంత తిట్టును క్రైస్తవ లేఖకులు (పాత గ్రంథాలకు చేత్తో నకళ్లు రాసినవాళ్లు) చొప్పించారనడం కష్టం. అయితే ఆ సంగతి తనకెలా తెలిసిందో ఆయన చెప్పలేదు.

అసలు చిక్కు జోసెఫస్ దగ్గరే. ఆయన రాసిన యూదుల చరిత్ర గ్రంథం 18వ భాగంలో యేసు గురించి "ఆయనే క్రీస్తు" (అంటే యూదులు ఎదురుచూసే రక్షకుడు) అనే వాక్యం కనిపిస్తుంది. క్రైస్తవుడు కాని యూదుడు అలా రాయడు కదా! అది తర్వాత ఎవరో చేర్చిందేనని దాదాపు పండితులందరూ ఒప్పుకుంటారు.

దీన్ని పట్టుకుని జోసెఫస్ సాక్ష్యమంతా నకిలీ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. 20వ భాగంలో, క్రీ.శ. 62లో రాళ్ల దెబ్బలతో మరణశిక్షకు గురైన యాకోబును "క్రీస్తు అనబడే యేసు సోదరుడు" అంటాడు. ఆ "అనబడే" విశ్వాసి వాడే మాట కాదు. అందుకే ఈ ప్రస్తావనను ఎక్కువమంది అసలైనదిగానే తీసుకుంటారు.