యాడ్-ఆన్ తెరుచుకున్నంత మాత్రాన సరిగ్గా ఎగురుతుందని కాదు

ప్రశ్న: మోడల్ విమానాల సిమ్యులేటర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాను. పాత యాడ్-ఆన్ (విడిగా తెచ్చి చేర్చుకున్న) ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ల విమానం, తెరుచుకుంటోంది గానీ గాల్లోకి లేవగానే ముక్కెత్తి పడిపోతోంది. రెండు ప్లగిన్లు అసలు లోడ్ కావడం లేదు. వీటన్నిటికీ కలిపి ఒక ‘ఫిక్స్’ దొరికింది. యాంటీవైరస్ ఆపి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయమంటోంది. చేయవచ్చా?

జవాబు: చేయకండి. ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాతా ఇదే ప్రశ్న వస్తోంది కాబట్టి ముందు దీని సంగతే చెబుతాను. ఒక మోడల్ విమానానికి కావలసినవి త్రీడీ ఆకారం, రంగుల బొమ్మలు, ఇంజన్ శబ్దాలు, బరువూ కొలతలూ రాసిన ఒక ఫైల్. వీటిలో రన్ చేయాల్సింది ఏదీ లేదు. జిప్ విప్పి ఫోల్డర్‌లో పెడితే చాలు. అలాంటిది ఎగ్జిక్యూటబుల్ రూపంలో వచ్చి, కాపలాని పక్కకు తప్పుకోమంటోందంటే అక్కడే ఆగిపోవాలి. మీ ఖాతాలో రన్ అయిన ప్రోగ్రామ్ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల దాకా వెళ్లగలదు. అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా ఇస్తే ఇక దానికి అడ్డే ఉండదు. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి, ‘.జిప్’ వెనక దాక్కున్న ‘.ఈఎక్స్‌ఈ’ అప్పుడే బయటపడుతుంది. ఇప్పటికే రన్ చేసి ఉంటే నెట్ తీసేసి, ఆఫ్‌లైన్ స్కాన్ చేసి, పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి.

ప్లగిన్లు లోడ్ కాకపోవడానికి తరచుగా కనిపించే కారణం సిమ్యులేటర్ 64-బిట్‌కు మారడం. 32-బిట్ డీఎల్‌ఎల్‌ని (ప్లగిన్ కోడ్ ఉండే ఫైల్‌ని) 64-బిట్ ప్రోగ్రామ్ తనలోకి లోడ్ చేసుకోలేదు. పేరు మార్చినా, ఫోల్డర్ మార్చినా ఫలితం ఉండదు. రాసినవాళ్లు మళ్లీ కంపైల్ చేసి ఇవ్వాల్సిందే.

ఇక ముక్కెత్తే ట్రైనర్. దాన్ని తయారుచేసినవాళ్లు పాత వెర్షన్ లోపాలకు తగ్గట్టు అంకెలు సర్ది ఉండవచ్చు. ఉదాహరణకు రెక్క వెడల్పు, అంటే ముందంచు నుంచి వెనకంచు దాకా, 25 సెంటీమీటర్లు అనుకోండి. ట్రైనర్‌కి సీజీ (విమానం బరువు తూగే బిందువు) ముందంచు నుంచి 6.5 సెంటీమీటర్ల దగ్గర, అంటే 26 శాతం దగ్గర ఉంటే నిలకడగా ఎగురుతుంది. పాత వెర్షన్‌లో ఎలివేటర్ (ముక్కుని ఎత్తీ దించే తోక పలక) మందంగా పలుకుతోందని సీజీని 9 సెంటీమీటర్లకు జరిపారనుకుందాం. అది 36 శాతం. తోక మీది గాలినీ ప్రొపెల్లర్ గాలినీ సరిగ్గా లెక్కగట్టే కొత్త ఫిజిక్స్‌లో ఆ విమానం నిలబడదు.

ఫైల్ ముట్టుకునే ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకునే రేడియో కంట్రోలర్) చూసుకోండి. అందులో సిమ్యులేటర్ కోసం ఖాళీ మోడల్ మెమరీ ఒకటి పెట్టి, మిక్స్‌లు (ఒక కంట్రోల్‌తో మరోదాన్ని కదిపే సెట్టింగ్‌లు) తీసేసి, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనని మెత్తబరిచేది) సున్నా, రేట్లు (కంట్రోల్ ఎంత దూరం కదలాలో చెప్పేవి) 100 శాతం చేసి, మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. అప్‌గ్రేడ్‌తో సెట్టింగ్‌లు చెరిగి, ఎక్స్‌పో ట్రాన్స్‌మిటర్‌లోనూ సిమ్యులేటర్‌లోనూ రెండుసార్లు పడటం మామూలే. తర్వాత గాలి వేగం సున్నా పెట్టి, సిమ్యులేటర్‌తో వచ్చిన ట్రైనర్‌ని ఎగరేయండి. అదీ తిక్కగా ఎగిరితే తప్పు యాడ్-ఆన్‌ది కాదు.

అది బాగుంటే యాడ్-ఆన్ ఫైల్‌కి కాపీ తీసి, సీజీని అరసెంటీమీటర్ చొప్పున ముందుకు జరపండి. జరిపిన ప్రతిసారీ ట్రిమ్ (స్టిక్ వదిలినా విమానం సమంగా ఎగిరేలా చేసే సర్దుబాటు) సరిచేసి, ఎత్తులో త్రాటిల్ మూసి, 30 డిగ్రీల డైవ్‌లో పెట్టి స్టిక్ వదలండి. ముక్కు ఇంకా లోపలికి వంగితే సీజీ వెనక ఉన్నట్టు, గట్టిగా పైకి లేస్తే మరీ ముందుకు పోయినట్టు, మెల్లగా లేస్తే సరిపోయినట్టు. అది కుదిరాకే ఎలివేటర్ త్రో (అది ఎంత దూరం కదలాలన్నది) ముట్టుకోండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేన్ని సరిచేసిందో తెలియదు.

అసలు సిమ్యులేటర్ తయారుచేసినవాళ్లు మోడల్ ఫైల్‌లో ‘ఇది ఫలానా ఫిజిక్స్ వెర్షన్‌కి ట్యూన్ చేసింది’ అని ఒక్క వరుస రాయించుకుని, పాత ఫిజిక్స్‌ని ఎంచుకునే వీలు ఉంచితే ఈ గోల సగం ఉండేది కాదు. గంటల తరబడి సర్దుకున్న విమానాల్ని ముందుమాట లేకుండా పాడుచేసే అప్‌డేట్‌ని నేను మెరుగుదల అనను. అలాంటి సౌకర్యం వచ్చేదాకా పాత వెర్షన్‌ని తీసేయకుండా, కొత్తదాన్ని వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుని, యాడ్-ఆన్‌లను ఒక్కొక్కటిగా తరలించండి.