మొదటి సైన్స్ ఫిక్షన్ నవల ఏది చదవాలి? నా జవాబు ఒక్కటే

మీ ప్రశ్న: "ఇంతవరకు సైన్స్ ఫిక్షన్ చదవలేదు. ఒక్క నవలతో మొదలుపెట్టాలంటే ఏది? ఒక ఫ్రెండ్ డ్యూన్ అంటున్నాడు, ఇంకొకరు ఫౌండేషన్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?"

ఇద్దరి మాటా వినకండి. డేనియల్ కీస్ రాసిన ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జర్నాన్’ చదవండి. చిన్నప్పటి నుంచి ఈ నవలలు చదువుతున్నాను, తెలిసినవాళ్లందరికీ ఇస్తున్నాను. మొదటి పుస్తకంగా దీన్ని మించింది లేదు.

డ్యూన్ మీద నాకేం కోపం లేదు. ఎడారి మనిషి స్టిల్గార్ వచ్చి డ్యూక్ ముందున్న బల్ల మీద ఉమ్మేస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఆగ్రహంతో లేస్తారు, డ్యూక్ మనిషి డంకన్ ఐడహో వాళ్లని ఆపి ‘ఒంట్లో తడిని మనకి కానుకగా ఇచ్చాడు’ అని కృతజ్ఞత చెప్పి తనూ ఉమ్ముతాడు. నీటిచుక్క దొరకని చోట మర్యాద ఎలా ఉంటుందో చెప్పడానికి అంతకంటే మంచి సన్నివేశం ఎవరు రాయగలరు? కానీ వెనక పేజీల్లో పదకోశం పెట్టాల్సి వచ్చిన నవలని కొత్తవాళ్ల చేతిలో పెట్టకూడదు. నా దగ్గర డ్యూన్ తీసుకెళ్లినవాళ్లలో చాలామంది యాభై పేజీల దగ్గర బుక్‌మార్క్ అలాగే ఉంచి తెచ్చి ఇచ్చారు.

ఫౌండేషన్ బాధ వేరు. 1951లో పుస్తకంగా వచ్చింది గానీ, అందులో మొదటి భాగం తప్ప మిగతావన్నీ 1942-44 మధ్య పత్రికలో విడివిడి కథలుగా వచ్చినవే. మొదటి భాగంలో వచ్చే హారి సెల్డన్ అనే పాత్ర మీద మనసు నిలిచేలోపు యాభై ఏళ్లు దాటిపోతాయి, కొత్త మనుషులు వచ్చేస్తారు. వాళ్లు అలవాటయ్యేలోపు వాళ్లూ పోతారు. సామ్రాజ్యాలు ఎలా కూలతాయన్న ఆలోచన గొప్పదే. మొదటి నవలలో మాత్రం మనిషికి పట్టుకోవడానికి ఇంకో మనిషి చెయ్యి కావాలి.

ఇక నా సంగతి చెబుతాను. నాలుగేళ్ల కిందట మా అక్కకి ఒక కంటి రెటీనా ఊడింది. ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. ఆ బుడగ పైకి తేలి రెటీనాని దాని చోట ఒత్తి పట్టుకోవాలంటే ముఖం నేలవైపే ఉండాలి. వారం రోజులు తిన్నా, కూర్చున్నా, పడుకున్నా తల వంచుకునే. ఈ బోర్లా పడుకోవడం ఇంత నరకమని ముందు మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పి ఉంటే కనీసం మంచమైనా సిద్ధం చేసుకునేవాళ్లం. చివరికి మంచం అంచుకి దిండు పెట్టి, దాని మీద నుదురు ఆనించి, ముఖం గాల్లో ఉండేలా పడుకోబెట్టాం. మెడ నొప్పి. టీవీ లేదు, ఫోన్ లేదు. రెండో రోజుకే విసిగిపోయి "ఏదైనా చదివి వినిపించరా, నీ రాకెట్ల కథలు మాత్రం వద్దు" అంది.

రాకెట్లు లేనిదే తెచ్చాను. నేను నేల మీద కూర్చుని, ఇంగ్లీషు పేజీ చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

కథ ఇది. చార్లీ గోర్డన్‌కి 32 ఏళ్లు. బేకరీలో పనిచేస్తాడు. పుట్టుకతోనే తెలివి ఎదగలేదు, కానీ చదువుకోవాలని మహా ఆశ. తెలివి పెంచే ఆపరేషన్‌కి ఒప్పుకుంటాడు. ఆల్జర్నాన్ అంటే అంతకుముందే ఆ ఆపరేషన్ జరిగిన ఎలుక. చిక్కుదారి పందెంలో చార్లీని ఓడిస్తూ ఉంటుంది. నవల మొత్తం చార్లీ తన చేత్తో రాసుకున్న రిపోర్టులే. మొదటి వాటిలో మాటమాటకీ స్పెల్లింగ్ తప్పు.

ఇక్కడే ఇరుక్కున్నాను. ఇంగ్లీషులో స్పెల్లింగ్ తప్పు కంటికి కనపడుతుంది, పైకి చదివితే చాలాసార్లు వినపడదు. వినేది కళ్లు తెరిచి పేజీ చూడలేని మనిషి. ఏం చేయాలో తోచక, చార్లీ మాటల్లో ‘శ’ వచ్చినచోటల్లా ‘స’ అనడం మొదలుపెట్టాను. మూడు వాక్యాలు కూడా కాలేదు, దిండు దగ్గర్నుంచి అక్క గొంతు గట్టిగా వచ్చింది. "ఆపు. అలా పలికేవాళ్లంతా తెలివి లేనివాళ్లా? ఎవర్ని వెక్కిరిస్తున్నావ్?"

నాకు ముఖం చెల్లలేదు. చార్లీని బేకరీలో వాళ్లు చేసింది సరిగ్గా అదే. నవల ఇంకా అక్కడిదాకా రాకముందే మా అక్క దాన్ని పట్టుకుంది.

కాసేపు ఆలోచించి దీర్ఘాలు తీసేశాను. తెలుగులో ఉన్న సుగుణం అదే, తప్పు రాస్తే తప్పు వినపడుతుంది. ‘నాకు’ బదులు ‘నకు’, ‘కావాలి’ బదులు ‘కవలి’. అప్పుడే గుణింతాలు దిద్దుతున్నవాడు రాసినట్టు. "ఆఁ, ఇప్పుడు రాస్తున్నాడు" అంది అక్క. ‘మాట్లాడుతున్నాడు’ అనలేదు, ‘రాస్తున్నాడు’ అంది.

ఆపరేషన్ తర్వాత చార్లీ కామా నేర్చుకున్న రోజు ఒకటుంది. మాటమాటకీ కామా పెట్టేస్తాడు. నేనూ మాటమాటకీ ఆగాను. ఆ వారంలో అక్క నవ్వింది అప్పుడే. ఆ తర్వాత ఒక్కొక్క దీర్ఘం తిరిగి పెట్టుకుంటూ వచ్చాను. వాక్యాలు పెద్దవయ్యాయి. నాలుగో రోజుకి చార్లీ నన్ను దాటిపోయాడు. అతని మాటలకి తెలుగు వెతకడానికి నేనే నిఘంటువు పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. తెలివి వచ్చాక అతనికి మొదట అర్థమయ్యేది, స్నేహితులనుకున్నవాళ్లు ఇన్నాళ్లూ తనతో కలిసి నవ్వలేదని, తనని చూసి నవ్వారని. ఆ రోజు అక్క అంతటితో ఆపేయమంది.

ఇక్కడి నుంచి కథలో మలుపు చెప్పక తప్పదు. వద్దనుకుంటే తర్వాతి రెండు పేరాలు వదిలేయండి. అట్ట వెనకే కథంతా అచ్చేసే ప్రచురణకర్తలు ఈపాటి హెచ్చరిక కూడా చేయరు. అదొక దరిద్రపు అలవాటు.

ఆరో రోజు సాయంత్రం. ముందు ఆల్జర్నాన్ తేడాగా ప్రవర్తిస్తుంది, తర్వాత చనిపోతుంది. చార్లీకి తన సంగతి తెలిసిపోతుంది. నేను చదువుతూ ఒకచోట ‘నకు’ అన్నాను. అక్క "ఆగు" అంది. "నువ్వు తప్పు చదివావా, అతను తప్పు రాశాడా?" అతనే రాశాడన్నాను. చెయ్యి వెనక్కి చాచి, తడుముకుని, నా మోచెయ్యి పట్టుకుంది. కాసేపటికి కింద టైల్ మీద ఒక చుక్క పడింది. ఆపరేషనైన కంటితో ఏడుస్తోందని నాకు ఒకటే టెన్షన్. ఆపేద్దామన్నాను. "చదువు" అంది. పోయింది ఒక్క దీర్ఘం. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఇది మొదట 1959లో చిన్న కథగా వచ్చింది. అంతకుముందు ఒక పత్రిక సంపాదకుడు ముగింపు సుఖాంతం చేయమని అడిగితే కీస్ ఒప్పుకోలేదు, కథ వెనక్కి తీసుకున్నాడు. నవలగా పెంచాక కూడా చాలామంది ప్రచురణకర్తలు వద్దన్నారు, చివరికి 1966లో అచ్చయింది. ఆయన పంతులు ఉద్యోగం చేసిన రోజుల్లో, నేర్చుకోవడంలో వెనకబడిన పిల్లల తరగతిలో ఒక కుర్రాడు వచ్చి "బాగా కష్టపడి తెలివైనవాణ్ని అయితే మామూలు క్లాసులోకి పంపిస్తారా" అని అడిగాడట. ఆ ప్రశ్న విన్న మనిషి సుఖాంతం ఎలా రాస్తాడు?

ఈ పేరు చెప్పగానే "అది సైన్స్ ఫిక్షనే కాదు, మెడికల్ కథ" అనేవాళ్లు తయారవుతారు. ఈ మాట వింటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. చిన్న కథకి హ్యూగో వచ్చింది, నవలకి నెబ్యులా వచ్చింది. ఈ రంగంలో అంతకన్నా పెద్ద అవార్డులు లేవు. అసలు ఈ సాహిత్యానికి పునాది అనిపించుకునే ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో రాకెట్ ఎక్కడుంది? 1818లో వచ్చింది, మేరీ షెల్లీ మొదలుపెట్టినప్పుడు ఆమెకి 18 ఏళ్లు. అదీ ఒక ప్రయోగం కథే, ప్రయోగం చేసినవాడు తను చేసినదాన్ని వదిలేసిన కథే. ఒక్క షరతు మార్చి, మనుషులు ఏమవుతారో చివరిదాకా నిజాయితీగా చూడటమే సైన్స్ ఫిక్షన్. మిగతాదంతా అలంకారం.

తప్పులు ఏరేవాళ్లు ఇంకో రకం. ‘ద మార్షన్’లో తుఫాను వచ్చి వ్యోమనౌకని పడగొట్టబోతుంది. అంగారకుడి మీద వాతావరణ పీడనం మన భూమి మీద ఉన్నదాంట్లో ఒక శాతం కూడా ఉండదు, అక్కడి గాలికి అంత బలం రాదు. నిజమే. రచయిత ఆండీ వియర్‌కి ఆ సంగతి తెలుసు, తెలిసే రాశానని చెప్పాడు కూడా. కథానాయకుణ్ని అక్కడ ఒంటరిగా వదిలేయడానికి ఒక కారణం కావాలి, అంతే. దానికోసం మొత్తం నవల కొట్టిపారేస్తే చదివే ఆనందం ఎవరికి పోయింది?

అనువాదాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ వారంలో అనువాదం ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది. జూల్ వెర్న్ నవల ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ’ పేరులోని ఇరవై వేల లీగులంటే (లీగు పాతకాలపు దూరం కొలత) సముద్రం లోతు అనుకుంటారు చాలామంది. అది నీటి కింద ప్రయాణించిన దూరం, సుమారు 80,000 కిలోమీటర్లు. అంత లోతు భూమికే లేదు. ఆ నవల పాత ఇంగ్లీషు అనువాదంలో దాదాపు పావు భాగం కోసేశారు. అది చదివి వెర్న్ పిల్లల రచయిత అని తేల్చేశారు. స్తానిస్లావ్ లెమ్ ‘సొలారిస్’ (1961) కథ ఇంకా దారుణం. 1970లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం పోలిష్ నుంచి కాదు, ఫ్రెంచి అనువాదం నుంచి చేసింది. నేరుగా చేసిన ఇంగ్లీషు అనువాదం 2011లో గానీ రాలేదు. కాబట్టి చదివేముందు ఎవరు అనువదించారో, ఏ భాష నుంచో చూసుకోండి.

ఆల్జర్నాన్ అయ్యాక మీకు నచ్చిన దారిలో వెళ్లండి. అంతరిక్షమే కావాలంటే క్లార్క్ ‘రాండవూ విత్ రామా’. 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పున్న ఖాళీ గొట్టం సౌరకుటుంబంలోకి వస్తుంది. లోపల సముద్రం గోడ వెంట పైకెక్కి, తల మీదుగా తిరిగి, అవతలివైపు దిగుతుంది. పాత్రలు పేలవమే, ఒప్పుకుంటాను. ఆ సముద్రం చూడటానికైనా వెళ్లాలి. మనుషులే కావాలంటే లె గ్విన్ ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’. మొదటి సగం నెమ్మది, ఓపిక పట్టండి. మంచు మీద ముఖ్యపాత్రలిద్దరూ బండి లాగుతూ వెళ్లే భాగం వచ్చాక పుస్తకం కింద పెట్టలేరు. చరిత్ర ఇష్టమైతే ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’. 1976లో ఉన్న నల్లజాతి స్త్రీ బానిసల కాలంలోకి లాగబడుతుంది, ఎందుకో ఎలాగో రచయిత్రి చెప్పదు, చెప్పకపోవడమే సరైంది.

తల ఎత్తొచ్చన్న రోజు అక్క మొదట అడిగింది ఆ పుస్తకమే. గ్యాస్ ఇంకా కంట్లోనే ఉంది, అంతా అలల్లో కనిపిస్తోందంది. మంచి కన్ను దగ్గరగా పెట్టుకుని మొదటి రిపోర్టు మీద వేలు పెట్టి, తప్పు స్పెల్లింగులు ఒక్కొక్కటే తాకుతూ ఒక వాక్యం చదివింది. తర్వాత చివరి పేజీ తీసి, అక్కడి తప్పులూ అలాగే తాకింది.

ఇప్పుడు తను నాకంటే ఎక్కువ చదువుతోంది. ఒక్క విషయంలోనే మాకు ఇంకా తెగలేదు. ఆ ఆపరేషన్ చార్లీకి చేయకుండా ఉండాల్సిందని తనంటుంది, ఆ కొన్ని నెలలైనా అతనికి దక్కాల్సిందేనని నేనంటాను. నాలుగేళ్లుగా ఇద్దరం ఒక్క మెట్టు కూడా దిగలేదు. చదవడం పూర్తయ్యాక మీరు ఎవరి వైపో ఇక్కడే రాయండి, అక్కకి చూపిస్తాను.