స్టెల్త్ ట్యాంకుకు పాచికలో ఒకటి తగ్గిస్తే సరిపోతుందా?

వేడి జాడను దాచుకునే ఆధునిక ట్యాంకును, అంటే స్టెల్త్ ట్యాంకును, బొమ్మలతో పాచికలతో ఆడే యుద్ధపు ఆటలో (వార్‌గేమ్‌లో) ఎలా చూపాలి, గుండు తగిలిందో లేదో తేల్చే పాచికలో ఒకటి తగ్గిస్తే చాలా అని అడిగారు. చాలదండీ. మేమూ మొదట ఆ పనే చేసి ఆట పాడుచేసుకున్నాం.

కర్నూలులో మా మేడ మీద పాత తలుపు చెక్క వేసి, ఇసుక చల్లి, 1:100 స్కేలు బొమ్మలతో ఆడతాం. పోలండ్ 2013లో ప్రదర్శించిన పీఎల్-01 అనే స్టెల్త్ ట్యాంకు నమూనా ఫొటోలు చూసి ముచ్చటపడి మా బావమరిది అట్టతో దాన్ని చేసుకొచ్చాడు. ఒకటి తగ్గించాం. అందరికీ అది కనబడుతూనే ఉంది, అందరూ కాలుస్తూనే ఉన్నారు, గురి కాస్త ఎక్కువసార్లు తప్పుతోంది, అంతే. అసలు స్టెల్త్ ఉపయోగమంతా శత్రువు మనల్ని ఆలస్యంగా గుర్తించడంలో ఉంది. ఒకసారి గుర్తించాక ఫిరంగి గుండుకు అన్ని ట్యాంకులూ ఒక్కటే.

అందుకని చూడడానికి ఒక పాచిక, కొట్టడానికి ఇంకొకటి పెట్టాం. స్టెల్త్ ట్యాంకు బదులు బల్ల మీద మూడు క్యారమ్ బిళ్లలు బోర్లిస్తాం. ఒకదాని అడుగున ‘ట్యాంకు’, ఒకదాని కింద ‘ఖాళీ’, మూడోదాని కింద ‘కారు’ అని రాసిన కాగితం ఉంటుంది. కారు ఎందుకంటే, బ్రిటన్ ఆయుధాల కంపెనీ బీఏఈ 2011లో చూపిన అడాప్టివ్ అనే పద్ధతిలో ట్యాంకు ఒంటినిండా షడ్భుజి పలకలు ఉంటాయి. వాటిని వేడిచేసి, చల్లబరచి వేడిని బట్టి చూసే థర్మల్ కెమెరాకు ట్యాంకును కారులా చూపిస్తారు. ఫిరంగి పేల్చగానే మాత్రం బిళ్ల తిప్పాల్సిందే. కాగిన గొట్టాన్ని, మంటను ఏ పలకా దాచలేదు.

వేళ సంగతి మా మేడే నేర్పింది. పిట్టగోడ మీద పరిచిన కడప బండ రాత్రి తొమ్మిదికి కూడా చేతికి వెచ్చగా తగులుతుంది. పక్కనున్న రేకు డబ్బా ఆరింటికే చల్లారిపోతుంది. మధ్యాహ్నం బండకంటే డబ్బాయే ఎక్కువ కాలుతుంది కాబట్టి నడుమ ఎక్కడో రెండూ ఒకే వేడికి వస్తాయి. థర్మల్ కెమెరా పట్టేది ఆ తేడానే. ఉదయం, సాయంత్రం ఆ తేడా చెరిగిపోయే కాసేపు ఇంజను ఆపి నిలిచిన మామూలు ట్యాంకు కూడా మసకబారుతుంది. కాబట్టి ఆటలో ఆ వేళలకు వచ్చే వంతుల్లో చూసే పాచికలో ఒకటి తగ్గింపు అందరికీ ఇవ్వండి.

ఇక ఆకారం. రష్యా ట్యాంకు టీ-90 ఎత్తు సుమారు 2.2 మీటర్లు, అమెరికా ట్యాంకు అబ్రామ్స్ 2.4. మన స్కేలులో తేడా రెండు మిల్లీమీటర్లు! దానికి ప్రత్యేక నియమం దండగ. గుట్ట చాటున వేరే లెక్క నడుస్తుంది. అబ్రామ్స్ ఫిరంగి 10 డిగ్రీలు కిందికి వంగుతుంది, టీ-90 పుట్టిన టీ-72 వంశం వాటిది దాదాపు అందులో సగం. అంటే అబ్రామ్స్ టరెట్ (ఫిరంగి ఉండే పై గూడు) మాత్రమే పైకి పెట్టి కాల్చగలదు, టీ-90 గట్టు మీదికి ఎక్కి ఒళ్లు చూపించాలి. మా దగ్గర ఓర్వకల్లు గుట్టల్లాంటి నేల వేసినప్పుడల్లా పొట్టి ట్యాంకే ముందు కనబడిపోతోంది.

కొట్టే పాచికలో స్టెల్త్‌కు చోటిచ్చింది ఒక్క విషయంలోనే. 2019లో కర్నూలు రేంజిలో డీఆర్‌డీవో పరీక్షించిన, మనిషి మోసుకెళ్లే క్షిపణిలాంటివి ట్యాంకు వేడి జాడను పట్టుకునే పైనుంచి దిగుతాయి. వాటికి లాక్ (గురి పట్టుకోవడం) కోసం ఒక పాచిక వేయించి, అందులో ఒకటి తగ్గించండి.

ఎండు నేల మీద పూర్తి వేగంతో కదిలితే దుమ్ము లేస్తుంది కాబట్టి అప్పుడూ బిళ్ల తిప్పిస్తాం. వాన పడితే ఈ నియమం ఎత్తేయాలని బావమరిది పట్టుబట్టాడు. సరే, అనంతపురం నేల మీద వాన రావాలంటే రెండు పాచికల్లోనూ ఆరు పడాలి అన్నాం. ఇంతవరకూ పడలేదు.